సగం కట్టిన కొళాయిలు

అన్నకు దండం పెట్టి నీ చెల్లెలు నాగవేణి రాస్తున్న సంగతులు.

ఇక్కడ నేను క్షేమం. అమ్మ ఎలా ఉందో, వదిన ఎలా ఉందో, నీ మోకాలు ఎలా ఉందో రాయించు. నీ మోకాలి గురించి నువ్వు నిజం చెప్పవు కాబట్టి ఆ ఒక్క సంగతి వదినతో రాయించు. కళ్యాణదుర్గం వైపు వాన పడిందని ఫోన్‌లో చూశాను. మన చేను మీద పడిందా, రోడ్డు అవతలే ఆగిపోయిందా? మన గట్టు దాకా వచ్చి వెనక్కి తిరగడం దానికి అలవాటే కదా.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావు. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తావు. "ఏమ్మా, బాగుండావా?" అంటావు. "బాగుండాను న్నా" అంటాను. "తింటివా?" అంటావు. "తింటి" అంటాను. ఇంతలో వదిన స్పీకర్ పెడుతుంది. దూరం నుంచి అమ్మ "దాని సదువు యాడికొచ్చిందంట?" అని అడుగుతుంది. ఆ మాట విన్నాక నా నోట్లోది నోట్లోనే ఉండిపోతుంది. మూడు ఆదివారాలు చెబుదామని గట్టిగా అనుకుని, ఎనుము ఈనిందా అని అడిగి పెట్టేశాను. ఎనుము ఇంకా ఈనలేదని మూడుసార్లు చెప్పావు. నీకు అనుమానం కూడా రాలేదు.

ముందే చెప్పేస్తున్నాను, చివరి పేజీ దాకా ఆపి చెప్పడం నాకు చేతకాదు. నాకు పీహెచ్‌డీ రాదు. ఆలస్యం కావడం కాదు, రాదు. ఐదేళ్లుగా చేసిన పని తప్పని తేలింది. తప్పు నాది. నా మీద ఎవరూ కక్ష కట్టలేదు, సార్ అన్యాయం చేయలేదు. నువ్వు కోపంతో బస్సెక్కి రావలసిన పని లేదు. నా ఒంట్లో బాగానే ఉంది. వేళకు తింటున్నాను. ఇది ఎలా జరిగిందో నీకు వివరంగా రాయాలి, ఎందుకంటే నువ్వు తప్ప ఇంకెవరూ దీన్ని సరిగ్గా అర్థం చేసుకోలేరు.

ఈ సముద్రం ఒడ్డున ఎండ మన ఎండ లాంటిది కాదన్నా. మన దగ్గర ఎండ కొడుతుంది, చెట్టు కిందికి పోతే వదిలేస్తుంది. ఇక్కడ నీడలోకి కూడా వెంట వస్తుంది. ఉతికిన బట్టలు రెండు రోజులైనా ఆరవు. వదిన బెల్లంతో చుట్టి పంపిన చెనిక్కాయ ఉంటలు వారం తిరక్కుండా బూజు పట్టాయి. ఇక పంపవద్దని చెప్పు, పాపం కష్టపడి చేస్తుంది. పంపాలనిపిస్తే చెనిక్కాయల పొడి పంపమను, అదీ కొంచెమే. రాగిపిండి ఇక్కడ దొరుకుతుంది గానీ అది చంటిపిల్లల జావకు ఆడించిన పిండి. సంకటి చేస్తే గిన్నె అడుగున అంటుకుని, గరిటెకు లొంగకుండా నా ప్రాణం తీస్తుంది. చేప తినడం నేర్చుకున్నాను, అమ్మకు చెప్పవద్దు.

మనుషులు మంచివాళ్లే. నేను "ఉండాది" అంటే నవ్వుతారని "ఉంది" అనడం అలవాటు చేసుకున్నాను. రోజంతా "ఉంది, ఉంది" అని వచ్చి గది తలుపు వేసుకున్నాక నాతో నేను "ఆకలయితాండాది" అని పైకే అంటాను. మన మాట నా చెవిన పడేది అప్పుడే.

ఇప్పుడు పని సంగతి. నేను పని చేసే జీవిని నువ్వు చూశావు. సముద్రపు కుందేలు అంటారు దాన్ని. పేరుకు కుందేలు, నిజానికి గుల్ల లేని నత్త. నీ రెండు పిడికిళ్లంత ఉంటుంది, తల మీద చెవుల్లాంటి రెండు కొమ్ములు ఉంటాయి, కదిలిస్తే నేరేడు పండ్ల రసం రంగులో సిరా వదులుతుంది. ఇక్కడికి వచ్చిన రోజు నువ్వు తొట్టిలోకి తొంగి చూసి, "దీనికోసమా పాపా ఇంత దూరం వచ్చినావు?" అన్నావు. నేను రోషంతో నీకు అరగంట పాఠం చెప్పాను. నువ్వు అర్థమైనట్టు తల ఊపావు. అర్థం కాలేదని నాకు తెలుసు, ఇప్పుడు మళ్లీ చెప్తాను.

దీనిలో ఆడ మగ వేరుగా లేవు. ప్రతిదీ రెండూ. ఒకదాని వెనక ఒకటి వరసగా కలుస్తాయి, ముందుదానికి వెనకది మగ, తన వెనకదానికి అదే ఆడ. గుడ్లు పెట్టే సమయం వస్తే మేత మానేస్తుంది, నడక ఆపేస్తుంది, తల అటూ ఇటూ ఊపుతుంది. అప్పుడు పసుపు దారంలా గుడ్లు వస్తాయి, బారలకు బారలు. వదిన శావిగలు ఒత్తినప్పుడు గుండ్రంగా చుట్టి పెడుతుందే, అచ్చం అలా చుట్టి పెడుతుంది. పెట్టి వెళ్లిపోతుంది, తిరిగి చూడదు. ఇదంతా దాని నరాల ముడి దగ్గర ఉండే కొన్ని కణాలు చేయిస్తాయి. అవి చిన్న చిన్న ప్రోటీన్ ముక్కల్ని రక్తంలోకి వదులుతాయి. న్యూరోపెప్టైడ్లు అంటారు వాటిని. ఒక కుందేలు నుంచి తీసి ఇంకోదానికి సూదితో ఎక్కిస్తే, అది కూడా మేత మాని తల ఊపడం మొదలుపెడుతుంది. గుడ్లు పెట్టాలో వద్దో అది ఆలోచించుకోదు, ఆ చుక్క మందు దానితో పెట్టిస్తుంది.

ఇదంతా పెద్దవాళ్లు ఎప్పుడో కనుక్కున్నారు. మా సార్ అనుకున్నది ఏమిటంటే, మన తీరంలో దొరికే జాతిలో ఇంకో చిన్న పెప్టైడ్ ఉంది, దాన్ని ఎక్కిస్తే కలయికా గుడ్లూ రెండూ ఎక్కువవుతాయి అని. అది ఉందని చూపించడమే నా పని.

చూపించాను కూడా. అదే కదా ఇప్పుడు ఏడుపు.

మా గదిలో రెండు గోడలకు రెండు వరసల తొట్లు ఉంటాయి. ఒక వరస నాది, పెప్టైడ్ సూది వేసినవి. రెండో వరస వరలక్ష్మిది, ఉత్త ఉప్పునీటి సూది వేసినవి. రెండింటినీ పోల్చి చూస్తేనే మందు పని చేసిందో లేదో తెలుస్తుంది. సూదులు కలిసిపోకూడదని, ఒకరి వరస ఇంకొకరు ముట్టుకోకూడదని సార్ గట్టి నియమం పెట్టారు. వరలక్ష్మి కోనసీమ పిల్ల. కాలవ గట్టున పుట్టి పెరిగింది. నాలుగేళ్లు నాతో పని చేసింది, ఒక్కరోజు కూడా తన వరస తప్పలేదు.

ఒక్కో తొట్టిలో ఆరు జల్లెడ బుట్టలు, బుట్టకు రెండేసి కుందేళ్లు. పైన కొళాయి. సముద్రం నుంచి పంపు లాగిన నీళ్లు కొళాయిలోంచి తొట్టిలో పడతాయి, తొట్టి నిండి అవతలి గొట్టంలోంచి మళ్లీ సముద్రానికే పోతాయి. పగలూ రాత్రీ అలా పోతూనే ఉంటాయి.

నేను వచ్చిన మొదటి వారం ఆ గొట్టం ముందు నిలబడి ఎంతసేపు చూశానో. కాల్వ పారుతున్నట్టు పారుతుంది. అవి ఉప్పునీళ్లే, ఒక కడవైనా ఎవరూ తాగరు, ఒక మొక్కైనా దాంతో బతకదు, ఎక్కడినుంచి వచ్చాయో అక్కడికే పోతున్నాయి. అన్నీ తెలుసు. అయినా కింద బిందె పెట్టాలనిపించేది. మన ఇంట్లో కొళాయికి నీళ్లు ఎన్ని రోజులకొకసారి వచ్చేవో నీకు తెలుసు. అంట్లు కడిగిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోయాలి, బియ్యం కడిగిన నీళ్లు ఎనుము కుడితిలో పోయాలి. బిందె నిండి పొర్లిందని నువ్వు నన్ను వీపు మీద కొట్టావు ఒకసారి, నాకు ఎనిమిదేళ్లప్పుడు. ఆ దెబ్బ నేనేమీ మనసులో పెట్టుకోలేదు. నా చెయ్యి పెట్టుకుంది.

నేను ఏం చేసేదాన్నంటే, పొద్దున గదిలోకి రాగానే నా వరస కొళాయిలు ఒక్కొక్కటీ తిప్పి సగానికి కట్టేసేదాన్ని. సగానికి కూడా కాదు, చిటికెన వేలు లావు ధార చేసేదాన్ని. బుడగల గొట్టం ఉంది కాబట్టి కుందేళ్లకు ఊపిరికి లోటు ఉండదు. సాయంత్రం పోయేటప్పుడు మళ్లీ తిప్పేదాన్ని. ఇది నేను చేస్తున్నానని నాకు తెలుసా అంటే, తెలుసు. చెప్పులు విడిచి లోపలికి పోతున్నానని తెలిసినట్టు తెలుసు. వరలక్ష్మి మాత్రం "సముద్రం అయిపోతుందా అక్కా?" అని నవ్వేది. నియమం ప్రకారం నా వరస తను ముట్టుకునేది కాదు, నేను తన వరస ముట్టుకునేదాన్ని కాదు. తన కొళాయిలు ధారాళంగా పోతుంటే నేను అటు వీపు పెట్టి కూర్చునేదాన్ని.

నువ్వు వచ్చిన రోజు ఏం జరిగిందో నీకు గుర్తుండదు. గదిలో అడుగు పెట్టీ పెట్టగానే, నాతో మాట్లాడకముందే, నువ్వు పోయి నా కొళాయి కట్టేశావు. "ఏమప్పా, నీళ్లు ఊరికే పోతాండాయి, ఎవురూ సూసుకోరా?" అన్నావు. నేను నవ్వి, "పూర్తిగా కట్టకూడదు న్నా, కొంచెం వదలాల" అని చిటికెన వేలంత తిప్పాను. ఇద్దరం చాలా తెలివైనవాళ్లం అనుకున్నాం.

నా వరసలో కుందేళ్లు బాగా గుడ్లు పెట్టేవి. ఒకటి మొదలుపెడితే మిగతావీ వెంట మొదలుపెట్టేవి, బుట్టలో జతలన్నీ కలిసేవి. వరలక్ష్మి వరసలో ఎప్పుడో ఒకటి. నాలుగేళ్లూ అంతే. సార్ మురిసిపోయారు. పెద్ద సభలో చెప్పారు, పత్రికవాళ్లు మా వ్యాసం అచ్చుకు ఒప్పుకున్నారు. మీ వాళ్లకు చెప్పుకోమ్మా అన్నారు సార్. నేను నీకు ఫోన్ చేశాను. నువ్వు హైస్కూల్ పెద్దసారుకు చెప్పావు, వార్షికోత్సవానికి మా చెల్లెలు డాక్టరై వచ్చి మాట్లాడుతుందని.

ఈ ఏడాది వరలక్ష్మికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. చివరి విడత ప్రయోగం రెండు వరసలూ నేనే చేయాల్సి వచ్చింది. చేశాను. ఉత్త ఉప్పునీటి సూది వేసినవి కూడా గుడ్లు పెట్టాయి. అవీ ఇవీ సమానంగా. నేను సూదులు మార్చాను. ఉప్పునీళ్లు కొత్తగా కలిపాను. రెండో వరస సీసాల్లో మందు ఏమైనా కలిసిందేమోనని అన్నీ పారేసి మళ్లీ చేశాను. మళ్లీ అంతే. నెల రోజులు నాకు అన్నం సయించలేదు. వరలక్ష్మి ఏదో తప్పు చేస్తూ వచ్చిందని కూడా అనుకున్నాను. ఆ పిల్లకు ఆ మాట తెలియదు గానీ, నేను అనుకున్న మాట నిజం.

ఇక్కడ పంపు చూసుకునే అప్పన్న అని ఒకాయన ఉన్నాడు, అరవై దగ్గర పడినవాడు. ఒక పొద్దున నేను చెయ్యి నొప్పితో కొళాయిల జోలికి పోకుండా కూర్చుని ఉంటే తలుపు దగ్గరకు వచ్చాడు.

"ఏటమ్మా, ఇయాల కొలాయిలు కట్టనేదేటి?" అన్నాడు.

"నేను కట్టేది నీకెట్లా తెలుసు?" అన్నాను.

"పంపు గదిలో కూకుంటే తెలిసిపోద్దమ్మా. నువ్వొత్తే పైపు గుర్రుమంటాది. ఇదివరకు ఒక గోడవేపే గుర్రుమనేది, ఆ పిల్లెల్లిపోయినకాడినుంచి రెండు గోడలూ అంటన్నాయి. మంచిదేలే, నీల్ల ఇలవ తెలిసినోల్లు మీరు."

మెచ్చుకుని వెళ్లిపోయాడు. నేను అక్కడే కూర్చుండిపోయాను. రెండు గోడలూ అన్న మాట నా తలలో ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది.

నీకు అర్థమయ్యేట్టు చెప్తాను. ఈ కుందేలు గుడ్ల దారం పెట్టగానే ఆ దారం నుంచి ఒక వాసన నీళ్లలోకి దిగుతుంది. ఆ వాసన తగిలితే చుట్టుపక్కల ఉన్నవి దగ్గరకు వస్తాయి, కలుస్తాయి, అవీ గుడ్లు పెడతాయి. సముద్రంలో అయితే అల కొట్టుకుపోతుంది, వరలక్ష్మి తొట్టిలో అయితే ధారాళంగా పోయే నీళ్లు కడిగేసేవి. నా తొట్టిలో నీళ్లు నిలబడేవి, ఆ పిల్ల పోయాక తన తొట్టిలో కూడా. మామూలుగా ఏదో ఒకటి గుడ్లు పెట్టేది, దాని వాసన తొట్టంతా నిండేది, మిగతావన్నీ దాని వెంట పోయేవి. నా సూదిలో మందు ఏమీ చేయలేదన్నా. ఐదేళ్లుగా నేను కొలిచింది నేను కట్టిన కొళాయిని.

నోటుపుస్తకాలన్నీ తీసి చూశాను. నీళ్ల వేడి రాశాను, ఉప్పు రాశాను, మేత ఎంత వేశానో రాశాను. కొళాయి ఎంత తిప్పానో ఒక్క పేజీలో కూడా లేదు. రాయాలని ఎవరికి తోస్తుంది? మన కరువు నేల మనిషి ఎవరైనా అంతే చేస్తారు.

మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు. ఇది కూడా నీకు దాచను. వరలక్ష్మి వెళ్లిపోయింది. అప్పన్నకు తను చెప్పినదాని అర్థం తెలియదు. సార్ ఈ ఏడాది చివర రిటైరవుతున్నారు, నేను ఆయన ఆఖరి విద్యార్థిని. చివరి విడత చేయలేదు అని రాసేస్తే చాలు, పాత లెక్కలతో పట్టా చేతికి వస్తుంది. నువ్వు అమ్మను తీసుకుని వస్తావు. వదిన కొత్త చీర కడుతుంది. హైస్కూల్లో పూలదండ వేస్తారు. అన్నీ తలుచుకున్నాను, దండ బరువుతో సహా. అలా చేయనందుకు నేను గొప్పదాన్నని అనుకోకు. ఇంకో ఊళ్లో ఇంకో పిల్ల నా వ్యాసం చదివి, అది నిజమనుకుని, అదే మందు వెతుకుతూ తన ఐదేళ్లు పోగొట్టుకుంటుంది కదా, ఆ పిల్ల ముఖం నాకు నా ముఖంలాగే కనబడేది. అందుకని చెప్పాను.

సార్ కుర్చీలో వెనక్కి ఆనుకుని విన్నారు.

"ఎప్పటినుంచి?" అన్నారు.

"మొదటినుంచి సార్."

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పే సంగతి అనుకోలేదు సార్. మా ఇంట్లో అందరం కట్టేస్తాం."

ఆయన నా నోటుపుస్తకం మూసి పక్కన పెట్టారు. తర్వాత, "రేపు పూర్తిగా తిప్పి ఒక్కసారి చేద్దాం. నేనూ కూర్చుంటాను" అన్నారు.

మర్నాడు పొద్దున అన్ని కొళాయిలూ చివరిదాకా తిప్పాను. నీళ్లు పెద్ద చప్పుడుతో పడ్డాయి. నా వరసకు పెప్టైడ్ వేశాను, సార్ తన చేత్తో రెండో వరసకు ఉప్పునీళ్లు వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. గంట అయింది. రెండు గంటలయింది. నా చెయ్యి కొళాయి మీదికి పోకుండా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కటైనా తల ఊపుతుందేమో అని దేవుడికి మొక్కుకున్నాను. మన ఊరి మారెమ్మకు, పుట్టపర్తికి, ఎవరు గుర్తొస్తే వాళ్లకు. నా వరసలో ఒక్కటీ పెట్టలేదు. మధ్యాహ్నానికి సార్ వరసలో ఒకటి పెట్టింది. ఉప్పునీళ్ల సూది వేసినది.

సార్ లేచి, "ఇంక చాలమ్మా" అన్నారు.

నేను అప్పటికీ ఆశ చావక అడిగాను. "సార్, ఆ వాసన సంగతే రాస్తే? నీళ్లు నిలబడితే గుడ్లు ఎక్కువవుతాయని?"

"అది పాత సంగతి నాగవేణీ. ఆ వాసనలో ఏ పెప్టైడ్లు ఉన్నాయో కూడా ఎప్పుడో తేల్చారు. నువ్వూ చదివావు, నేనూ చదివాను. చదివి కూడా మనకు తట్టలేదు" అన్నారు.

తిట్టలేదు. గొంతు కూడా పెంచలేదు. ఆ రోజు తర్వాత ఆయన నడక మారింది, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారు. అది చూసినప్పుడు నాకు కలిగే బాధ పట్టా పోయిన బాధకన్నా ఎక్కువ.

కొత్తగా మొదలుపెట్టడానికి గడువు లేదు. సార్ పోయాక ఈ గది వేరేవాళ్లకు ఇస్తారు. ఇంకో సారు దగ్గర చేరడానికి నా వయసు దాటిపోయింది. అడగాల్సిన చోటల్లా అడిగాను, నువ్వు అడగమంటావని తెలుసు కాబట్టి రాస్తున్నాను. దారి లేదు.

పోయిన వారం అప్పన్నా నేనూ కుందేళ్లను బకెట్లలో పెట్టుకుని పోటు తగ్గినప్పుడు రాళ్ల మధ్య వదిలి వచ్చాం. అవి ఏడాది బతికే జీవాలు, గుడ్ల కాలం అయిపోతే పోతాయి. వదిలినా తొట్టిలో ఉంచినా ఒకటే. అప్పన్న మాత్రం ఒక్కొక్కదాన్నీ చేత్తో నీళ్లలోకి దింపి, "ఎల్లండమ్మా" అన్నాడు. నేను ఖాళీ అయిన బకెట్లు ఎత్తుకున్నాను.

వచ్చే నెల ఒకటో తారీకు నుంచి ఇక్కడికి గంట దూరంలో రొయ్య పిల్లల హేచరీలో పనికి చేరుతున్నాను. నా చదువుకు అక్కడ పని ఉంది. తల్లి రొయ్య తొట్టిలో ఉంటే తొందరగా గుడ్లు పెట్టదు. దాని కంటి కాడలో ఒక హార్మోను ఉంటుంది, అది గుడ్లను ఆపుతుంది. అందుకని ఒక కన్ను నలిపేస్తారు. అప్పుడు పెడుతుంది. ఎందుకు పెడుతుందో వాళ్లలో ఎవరికన్నా నాకు బాగా తెలుసు. అందుకే ఆ పని నాకిచ్చారు. ఎలాగైనా చేస్తాను. వేళకు తిండి పెడతారు, గది ఇస్తారు. నువ్వు దిగులు పడవద్దు.

ఇంటికి రమ్మంటావు. ఇప్పుడు రాను. వస్తే ఎవరూ ఏమీ అనరు. అమ్మ ముద్ద చేసి పెడుతుంది, వదిన తల దువ్వుతుంది, నువ్వు ఎనుము గురించి మాట్లాడతావు. అందరూ నా ముందు మెల్లగా నడుస్తారు. అది నేను భరించలేను.

నిన్న వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకు ఉత్తరం పంపాం. సాంకేతిక కారణాలు అని రాస్తే సరిపోతుందని ఆఫీసులో చెప్పారు. నేను ఒప్పుకోలేదు. నీటి ధార ఒక వరసలో తగ్గించడం వల్ల ఫలితం తప్పు వచ్చింది, తగ్గించింది నేను, అని రాసి నా పేరు పెట్టాను. సార్ చదివి ఒక్క అక్షరం కొట్టేయకుండా కింద సంతకం చేశారు.

నువ్వు చేయాల్సినవి మూడున్నాయి. హైస్కూల్ పెద్దసారు దగ్గరకు పోయి మా చెల్లెలు రాదని చెప్పు. ఇంకా టైం పడుతుందని చెప్పొద్దు. డాక్టర్ కాలేదు, కాదు అని చెప్పు. నువ్వు అక్కడ నిలబడి ఆ మాట చెప్పాల్సి రావడం తలుచుకుని ఈ ఒక్క మాట రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను, చూస్తే నీకే తెలుస్తుంది. అమ్మకు నువ్వే చెప్పు, ఊళ్లో వాళ్ల నోటి నుంచి వినకూడదు. వదిన నా కోసం పట్టిన గురువారాలు ఇక మానేయమను, ఒట్టి కడుపుతో ఎనుము పని చేయకూడదు.

అమ్మ కాళ్లకు, పెద్దల కాళ్లకు దండాలు. నన్ను దీవించమను, ఫలానా దానికి అని కాదు, ఊరికే దీవించమను.

ఆదివారం నువ్వు ఫోన్ చేస్తావు. ఈ ఉత్తరం చదివి ఉంటావు, మెల్లగా "పోనీలే పాపా" అంటావు. ఆ మాట అనొద్దన్నా. సార్ అనలేదు గానీ ఆయన ముఖం అంది, అప్పన్న అన్నాడు, వరలక్ష్మి ఫోన్‌లో ఏడుస్తూ అంది. నా ఐదేళ్లు, మా సార్ ఆఖరి పని, నీ మాట, అన్నీ పోయాయి, ఒక్కరికీ కోపం రాలేదు. పోయినదానికి విలువ లేదన్నట్టు ఉంది. నువ్వు తిట్టు. ఎనుము గురించి మాట్లాడకుండా, తిన్నావా అని అడగకుండా, వదిన స్పీకర్ పెట్టకముందే, గట్టిగా తిట్టు.

నీ చెల్లెలు
నాగవేణి